తొలి తూకం

చిత్తూరు బైపాసు పక్కన మామిడి మండీ.
జూన్ నెల, పొద్దున పదిన్నర.
తోతాపురి లోడుతో ట్రాక్టర్లు
మురకంబట్టు దాకా నిలబడి ఉన్నాయి.
కాటా గదిలో నేను.

డిస్కు తుడిచేశాను.
బోర్డు కూడా మార్చాను. పాతదాని కెపాసిటర్లు
అతిగా మాగిన కాయల్లా ఉబ్బి ఉన్నాయి.
కొత్త సిస్టమ్ ఎక్కింది. తెరంతా నీలం,
ఎన్నికల మర్నాడు సున్నం కొట్టిన గోడలా.
కింద మూలన చిన్న అక్షరాల్లో:
ఇది అసలుదేనని రుజువు చెయ్యండి.

"నిన్నటి మిషనే గదా దిల్షాద్ పాపా,
దానికే తెలీదా?" అన్నాడు ఏకాంబరం.
పదకొండేళ్ళుగా ఆ కుర్చీ ఆయనది.

తెలీదు.
రుజువు క్యాబినెట్ పక్కన అతికించి ఉంది,
ఇరవై అయిదు అక్షరాల చీటీ.
ఏటేటా ఆయుధ పూజకి
ఏకాంబరం సరిగ్గా అక్కడే బొట్టు పెట్టాడు,
మిషనుకి నుదురు అదే అనుకుని.
పదకొండు పసుపుల కింద, పదకొండు కుంకాల కింద
అది బీ నో, ఎనిమిదో.
గీరితే అక్షరం కూడా ఊడొస్తుందని భయం.
కొబ్బరి నూనె చుక్క, దూది, ఫోను లైటు.
ఒక్కొక్కటే పైకి తేలాయి.

కీ సరిపోయింది. అయినా ఒప్పుకోలేదు.
బోర్డు మారింది కదా,
నువ్వు వేరే ఎవరో అంటుంది.
ఫోను చెయ్యమంటుంది.

అవతల రికార్డింగు గొంతు.
ఊపిరి లేదు, విసుగూ లేదు.
ఆరేసి అంకెలు, తొమ్మిది వరసలు.
ఏకాంబరం చదువుతాడు, నేను నొక్కుతాను.
నాలుగో వరసలో ఎవడో హారన్ కొట్టాడు.
మళ్ళీ మొదటికి.

కిటికీ చువ్వల్లో కుప్పమ్మ ముఖం.
పాలసముద్రం నుంచి రాత్రి రెండింటికి బయల్దేరిందట.
"అంతా పొయ్యిందంటనే? పోయినేటివి గూడా?"
పోయాయి.
బ్యాకప్ అని ఏకాంబరం దాచిన పెన్‌డ్రైవులో
మనవడి పుట్టువెంట్రుకల ఫోటోలు తప్ప ఏమీ లేవు.
"మరి టన్నుకి నూరు కిలోలు తరుగని కోసినారే,
ఆ తరుగు గూడా మర్చిపొయ్యిందా?"

ఫ్యాను తిరుగుతోంది.
ఆమె కొంగుముడి విప్పింది.
మడతల దగ్గర అరిగిపోయిన గులాబి రంగు చీటీ:
బండి నంబరు, మొత్తం, ఖాళీ, నికరం.
"నా కాడ ఉండాది," అంది.
మళ్ళీ ముడేసుకుంది.

రెండోసారి అంకెలు తప్పు పోలేదు.
ఆఖర్న ఆ గొంతు ఒక్కటే అడిగింది:
ఎన్ని కంప్యూటర్లలో వేశారు?

దర్గా సర్కిల్ నెట్ సెంటర్లో
ఒకే డిస్కుతో పద్నాలుగు మిషన్లు లేపినదాన్ని నేను.
ప్రతిసారీ ఇదే ప్రశ్న, ఇదే జవాబు.
ఈసారి మాత్రం అది నిజం.
ఒకటి నొక్కబోతే వేలు తడబడింది.
అలవాటు లేక కాబోలు.

గొంతు బదులు అంకెలు ఇచ్చింది.
కాగితం దొరక్క ఏకాంబరం అరచేతి మీద మొదలుపెట్టాడు,
మోచేయి దాకా వచ్చాయి.
ఆయన చెయ్యి పట్టుకుని చదివి కొట్టాను.
మూలన ఉన్న మాట మాయమైంది.
అంతే. చప్పుడు కూడా లేదు.

కాటా ప్రోగ్రాం తెరిచాను.
టికెట్ నంబరు: ఒకటి.
ఏకాంబరం కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు,
ఈ పొద్దే పనిలో చేరినవాడిలా.

బయట ఇంకా ఏ బండీ ఎక్కలేదు.
ఎర్ర అంకెలు మాత్రం ఇరవై కిలోలంటున్నాయి.
"చూస్తివా, అప్పుడే తప్పు జెప్తా ఉండాది."
ఇద్దరం గడపలోకి వచ్చి చూశాం.

ఇనప పలక నడిమధ్య మండీ కుక్క,
మొదటి ట్రాక్టరు నీడలో,
మూతికి రసం, రసం మీద ఈగలు.
ఎంత అదిలించినా లేవలేదు.

"రాయబ్బా," అంది కుప్పమ్మ,
"దానికన్నా తరుగు కొయ్యకుండా రాయి."